డెమోలో ఉన్నది స్టూడియోకి వెళ్లాక ఎటు పోతుంది?

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కోల్ట్స్ నెక్ అని ఒక ఊరుంది. 1982 జనవరిలో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అక్కడ అద్దెకున్న ఇంట్లో, పడకగదిలో కుర్చీ వేసుకుని కొన్ని కొత్త పాటల్ని క్యాసెట్‌కెక్కించాడు. ఆల్బం తీద్దామన్న ఆలోచన అప్పటికి లేదు. స్టూడియోలో బ్యాండ్‌ని కూర్చోబెట్టి పాటలు రాస్తూ పోతే గంటకింతని బిల్లు పడుతుంది కాబట్టి, ఏ పాట నిలబడుతుందో ముందు ఇంట్లోనే తేల్చుకుందామన్నది లెక్క. ఇలా పాట ఎలా ఉందో చూసుకోవడానికి చేసుకునే నమూనా రికార్డింగునే డెమో అంటారు. ఆ క్యాసెట్ డబ్బా కూడా లేకుండా కొన్ని వారాలపాటు ఆయన జేబులో తిరిగింది. ఏప్రిల్, మే నెలల్లో న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో ఆయన బృందం ‘ఇ స్ట్రీట్ బ్యాండ్’ ఆ పాటల్ని వాయించి చూసింది. వాయించినవాళ్లు ఆషామాషీ మనుషులు కారు. అయినా పాటలు కుదరలేదు. చివరికి జేబులో తిరిగిన క్యాసెట్‌నే ఆల్బంగా తేవాలని నిర్ణయించారు. 1982 సెప్టెంబర్ 30న ‘నెబ్రాస్కా’ పేరుతో అది విడుదలైంది.

ఆనాటి బ్యాండ్ రికార్డింగులు 2025లో బయటికొచ్చాయి కాబట్టి ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి వినొచ్చు. వింటే బ్యాండ్ వెర్షన్లలో తప్పంటూ ఏమీ కనబడదు. లయ బాగుంది, వాద్యాలు బాగున్నాయి, గొంతు బాగుంది. క్యాసెట్‌లో పట్టేసినది మాత్రం లేదు.

ఎందుకు లేదంటే అందరూ చెప్పే జవాబు ఒకటుంది: డెమోలో నిజాయితీ ఉంటుంది, ఆత్మ ఉంటుంది అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ మాటతో పని జరగదు. స్టూడియోలో పాడేటప్పుడు స్ప్రింగ్‌స్టీన్ అబద్ధమాడుతున్నాడా? డెమో మోజులో మూడు వేరువేరు సంగతులు కలగలిసి ఉంటాయి. ఒకటి యంత్రం తెచ్చే శబ్దం. రెండోది ఆ పరిస్థితిలో మనిషి పాడే తీరు. మూడోది పాట కట్టుబడి, అంటే పాటని కట్టిన తీరు. వినేవాళ్లకు మొదటిది ముందు తగులుతుంది గనక అదే అసలు కారణమనుకుంటారు. మూడింట్లోనూ దాని వాటా అతి తక్కువ.

యంత్రం

ఆ గదిలో ఉన్నది టియాక్ 144 పోర్టాస్టూడియో. 1979లో వచ్చిన ఈ యంత్రం మామూలు ఆడియో క్యాసెట్ మీదే నాలుగు ట్రాకుల్ని, అంటే టేపు మీద నాలుగు శబ్దపు చారల్ని, విడివిడిగా రికార్డు చేస్తుంది. మామూలు స్టీరియో క్యాసెట్‌లో ‘ఎ’ వైపు రెండు, ‘బి’ వైపు రెండు ట్రాకులుంటాయి. పోర్టాస్టూడియో ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది. టేపుని కూడా సెకనుకి 4.76 సెంటీమీటర్లు కాకుండా రెట్టింపు వేగంతో, దాదాపు 9.5 సెంటీమీటర్ల చొప్పున లాగుతుంది. వేగం పెరిగితే పై స్వరాలు మెరుగ్గా పడతాయి, టేపు చేసే సుయ్‌మనే రొద కొంత తగ్గుతుంది. ఆ లాభానికి ఖర్చేమిటంటే 60 నిమిషాల క్యాసెట్‌లో 15 నిమిషాలే పడతాయి. అదే క్యాసెట్‌ని మామూలు టేప్ రికార్డర్‌లో పెడితే పాట సగం వేగంతో మూలుగుతుంది. తిరగేసి పెడితే వెనక నుంచి ముందుకి మూలుగుతుంది.

మైకులు రెండు, రెండూ ష్యూర్ ఎస్ఎం57లే. స్టేజి మీద డ్రమ్ముల దగ్గరా, గిటార్ యాంప్లిఫయర్ల దగ్గరా పెట్టే మొరటు మైకు అది. యంత్రం నడిపింది రికార్డింగ్ ఇంజినీరు కాదు, గిటార్లు చూసుకునే సహాయకుడు మైక్ బాట్‌లన్. గొంతు, గిటారు ఒకేసారి రెండు ట్రాకుల మీద పడ్డాయి. మిగిలిన రెండింట్లో హార్మోనికా, రెండో గిటారు, రెండో గొంతు, అక్కడక్కడ ఒక చిన్న తాళవాద్యం. నాలుగూ నిండాయంటే పాట అయిపోయినట్టే.

ఆ నాలుగు ట్రాకుల్నీ కలిపి మిక్స్ చేసిన పద్ధతి ఇంకా మొరటు. శబ్దాన్ని గిబ్సన్ ఎకోప్లెక్స్ అనే టేప్ ఎకో పెట్టెలోంచి పంపి, పాత పానసోనిక్ బూమ్‌బాక్స్‌లో ఇంకో క్యాసెట్ మీదకి ఎక్కించారు. ఆ బూమ్‌బాక్స్ అంతకుముందు నీళ్లపాలై మళ్లీ పలికిన సరుకు. ఎకోప్లెక్స్ పాడిన మాటని సెకనులో చిన్న భాగం ఆలస్యంగా ఇంకోసారి పలికిస్తుంది. 1950ల రాక్ అండ్ రోల్ రికార్డుల్లో వినిపించే ఎకో ఆ జాతిదే. చిన్న గదిలో పాడిన గొంతు చీకట్లో ఖాళీ హాల్లో తిరుగుతున్నట్టు అనిపించేది దానివల్లే. ఆ ఆల్బంలో ఒంటరితనం అని శ్రోతలు చెప్పుకునే దాంట్లో కొంత ఈ పెట్టె పుణ్యమే. ‘పచ్చి’ రికార్డింగ్ అంటే ఏమీ కలపని రికార్డింగ్ అనుకోవడం సరికాదన్నమాట.

కష్టం తర్వాత వచ్చింది. ఆ క్యాసెట్‌ని ఎల్‌పీ (గ్రామఫోను) రికార్డుకి ఎక్కించబోతే కుదరలేదు. ఎల్‌పీ గాడిలో సూది పక్కలకీ, పైకీ కిందకీ కదులుతుంది. కుడి ఎడమ చానెళ్ల మధ్య కాలం తేడా ఉంటే, ముఖ్యంగా కింది స్వరాల్లో, సూది పైకి ఎగురుతుంది. క్యాసెట్ యంత్రాల్లో టేపుని చదివే హెడ్డు కోణం కాస్త తేడాగా ఉన్నా చాలు, ఆ కాలం తేడా వచ్చేస్తుంది. దానికితోడు శబ్దం స్థాయి తక్కువ, రొద ఎక్కువ. స్థాయి పెంచితే రొద కూడా పెరుగుతుంది. ఒకచోట కాకపోతే ఇంకోచోట ప్రయత్నించి, క్యాసెట్‌గా మాత్రమే అమ్మేద్దామా అన్నదాకా వచ్చాక, న్యూయార్క్‌లో అట్లాంటిక్ స్టూడియోస్‌లో డెనిస్ కింగ్ అనే ఇంజినీరు దాన్ని డిస్కుకి దించగలిగాడు. ఇంట్లో చేసుకున్నది చౌకగా అయిపోయిందనుకుంటాం, ఆ ఆదా అంతా కిందిమెట్టు మీద నిలబడ్డ ఇంజినీరు నెత్తిన పడింది.

అయితే రొద, మసకబారిన పై స్వరాలు, ఎకో... ఇవేనా మనల్ని పట్టుకున్నవి? కాదనడానికి మంచి రుజువు ఒకటుంది. బీటిల్స్ బ్యాండ్‌లోని జాన్ లెనన్ 1970ల చివర్లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో పియానో ముందు కూర్చుని ఒక పాట క్యాసెట్‌కి పాడి పెట్టుకున్నాడు. గొంతు, పియానో ఒకే ట్రాకు మీద ముద్దగా పడ్డాయి, కరెంటు హమ్ కూడా ఉంది. 1995లో మిగతా ముగ్గురు బీటిల్స్ దాన్ని పూర్తి చేద్దామని కూర్చున్నారు. గొంతు పెంచితే పియానో కూడా పెరుగుతోందని వదిలేశారు. తర్వాత సినీ దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం మెషిన్ లెర్నింగ్‌తో గొంతుని పియానో నుంచి విడదీసింది. 2023 నవంబర్ 2న ‘నౌ అండ్ దెన్’ పేరుతో పాట విడుదలైంది. అందులో లెనన్ గొంతు శుభ్రంగా ఉంటుంది, రొద లేదు, హమ్ లేదు. చుట్టూ డ్రమ్ములు, తంత్రీ వాద్యాల బృందం. అయినా ఆ గొంతు ఎవరికీ వినిపించే ఉద్దేశం లేకుండా పాడుకుంటున్న మనిషిదని తెలిసిపోతూనే ఉంటుంది. శబ్దం కడిగేసినా పాడే తీరు పోలేదు.

దీన్నే అటునుంచి కూడా చూడొచ్చు. ఇప్పుడు చాలా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో పాత టేపు రొద, గ్రామఫోను చిటపటలు కలిపే ప్లగిన్ ఉంటుంది. శ్రుతి సవరించి, క్లిక్‌కి (చెవిలో లయ కొట్టే మెట్రోనోమ్ చప్పుడుకి) తూచి, 30 టేకుల (పాడిన ప్రతిసారీ ఒక టేకు) ముక్కలు అతికించిన గొంతు మీద అది చల్లితే వచ్చేది అతికించిన గొంతే, కాకపోతే మురికిగా ఉంటుంది.

పాడే తీరు ఎందుకు మారుతుంది

ఇక్కడ భావుకత పక్కనబెట్టి శరీరం గురించి మాట్లాడుకోవాలి. రాత్రిపూట పడకగదిలో, పక్క గదిలో మనుషులు నిద్రపోతుంటే ఎవరూ గొంతెత్తి పాడరు. మైకుకి దగ్గరగా, మాట్లాడే స్థాయికి కాస్త పైన పాడతారు. ఆ స్థాయిలో ఊపిరి ఎక్కువ కలుస్తుంది, మాట చివర్లు సన్నగా రాలిపోతాయి, హల్లులు స్పష్టంగా ఉంటాయి. కార్డియాయిడ్ రకం (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువ పట్టే) మైకుకి 10-15 సెంటీమీటర్ల లోపు దగ్గరగా పాడితే కింది స్వరాలు బలపడతాయి. చెవిలో చెప్పినట్టు వినిపించేది అందుకే. అదే పాటని స్టూడియోలో పాడేటప్పుడు చెవుల్లో హెడ్‌ఫోన్లు, వాటిలో డ్రమ్ములు, బేసు. తన గొంతు తనకి వినబడాలంటే ఎవరైనా తెలియకుండానే గట్టిగా పాడతారు. గట్టిగా పాడితే ఆ శ్రుతి కిందకి ఉన్నట్టనిపిస్తుంది, దాంతో రెండు మూడు సెమీటోన్లు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక సెమీటోన్) పైకి మార్చుకుంటారు. పైకి మారగానే పాత్ర మారిపోతుంది. చెప్పుకుంటున్న మనిషి కాస్తా ప్రకటిస్తున్న మనిషి అవుతాడు.

లయ సంగతీ అంతే. ఒక్కడే గిటారు వాయిస్తూ పాడేటప్పుడు లయ ఊపిరిని బట్టి నడుస్తుంది. చరణంలో మాటలు కిక్కిరిసినచోట కాస్త పరుగెడుతుంది, వాక్యం ముగిసినచోట అర క్షణం ఆగుతుంది. నిమిషానికి 84 దెబ్బలతో మొదలైన పాట 88కి చేరి మళ్లీ దిగుతుంది. వింటున్నవాళ్లకి ఇది లయ తప్పినట్టు అనిపించదు, మనిషి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. స్టూడియోలో సగటు తీసి 86కి క్లిక్ పెడతారు. అప్పుడు పల్లవి ఈడ్చినట్టు, చరణం తరిమినట్టు అవుతుంది. ఏ భాగమూ డెమోలో ఉన్నట్టుండదు, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు.

ఇంకో కారణం అంతగా ఎవరూ పట్టించుకోనిది: గొంతు మైకులోకి గిటారు, గిటారు మైకులోకి గొంతు దూరడం. రికార్డింగ్ వాళ్లు దీన్ని బ్లీడ్ అంటారు, మామూలుగా దోషంగా చూస్తారు. గొంతు ట్రాకులో గిటారు కలిసి ఉంటే గొంతుని ఆటోట్యూన్ (సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి సవరణ) చెయ్యలేం. చేస్తే దాని వెనక గిటారు కూడా వంకర్లు పోతుంది. ఒక పంక్తిని కోసి ఇంకో టేకులోది అతికించలేం. అంటే ఆ టేకు ఉంచాలి, లేదా మొత్తం మళ్లీ పాడాలి. తర్వాత సరిచేసుకోవచ్చు అన్న వెసులుబాటు లేకపోవడంతో నిర్ణయాలన్నీ పాడుతున్నప్పుడే జరిగిపోతాయి. డెమోలో వినబడే ఏకాగ్రతకి ఇదే కారణమని నా అభిప్రాయం. నాలుగే ట్రాకులున్న యంత్రం కూడా అదే పని చేస్తుంది. చోటు చాలక నిండిన ట్రాకుల్ని ఒకదాంట్లోకి కలిపేద్దామంటే, రెండు ట్రాకులు కలిసినచోట రొద 3 డెసిబెల్స్ పెరుగుతుంది, కలిపాక విడదియ్యడం కుదరదు. కాబట్టి ఏది అక్కర్లేదో ముందే తేల్చుకోవాల్సి వస్తుంది.

‘అన్‌ప్లగ్డ్’ కార్యక్రమాల్ని డెమోలతో కలిపెయ్యకూడదన్నది కూడా ఇందుకే. అమెరికా సంగీత టీవీ చానెల్ ఎంటీవీ 1989లో మొదలుపెట్టిన ఆ ధారావాహికలో వాద్యాలు తక్కువే కావచ్చు గానీ రిహార్సల్ ఉంది, ప్రేక్షకులున్నారు, లైట్లున్నాయి. 1993 నవంబర్‌లో రాక్ బ్యాండ్ నిర్వాణా అందులో వాయించినప్పుడు దాని గాయకుడు కర్ట్ కోబెయిన్ తన అకూస్టిక్ గిటారుని ఎఫెక్ట్స్ పెట్టెలు, యాంప్లిఫయర్ గుండా పంపాలని పట్టుబట్టాడు. ఆ యాంప్లిఫయర్ కెమెరాకి కనబడకుండా ముందు ఒక డబ్బా అడ్డుపెట్టారు. ఆ ప్రదర్శన గొప్పదే. కానీ అది నగలు తక్కువగా పెట్టుకున్న అలంకారం, డెమో అసలు అలంకరించుకోనిది.

ఒకే క్యాసెట్, రెండు దారులు

పచ్చిగా ఉంటేనే మంచి పాట అని వాదించేవాళ్లకి అదే కోల్ట్స్ నెక్ క్యాసెట్‌లో ఒక చిక్కుంది. ‘బోర్న్ ఇన్ ద యు.ఎస్.ఎ.’ డెమో కూడా దాంట్లోనే ఉంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరక్క, ఆదుకునే దిక్కు లేక తిరిగే మనిషి పాట అది. డెమోలో ఒక గిటారు, ఎకోలో తడిసిన గొంతు, అంతే. పల్లవి మూలుగులా ఉంటుంది. ఇదే పాటని ఆ ఏడాదే బ్యాండ్‌తో రికార్డు చేశారు. రాయ్ బిటన్ సింథసైజర్ మీద బాకా ఊదినట్టు ఒక చిన్న వరస, మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్ము మీద తుపాకీ పేలినట్టు దెబ్బ. 1984లో అది విడుదలై ప్రపంచమంతా మోగింది. ఆ సెప్టెంబర్‌లో అధ్యక్షుడు రేగన్ న్యూజెర్సీలోని హామన్‌టన్ సభలో స్ప్రింగ్‌స్టీన్ పేరెత్తి, ఆయన పాటల్లో ఆశాభావం ఉందని మెచ్చుకున్నాడు. చరణాలు వినని చాలామందికి అది దేశభక్తి గీతంగానే మిగిలిపోయింది. డెమో 1998లో బయటికొచ్చాక విన్నవాళ్లకి అందులో గర్వం వెతికినా దొరకదు.

అలాగని డెమోయే అసలు పాట, బ్యాండ్ పాడుచేసింది అనడం తొందరపాటు. పల్లవి గర్వంగా మోగుతుంటే చరణం దాన్ని కొరికెయ్యడం బ్యాండ్ వెర్షన్‌లోనే ఉంది. డెమోలో రెండూ ఒకే రంగులో ఉన్నాయి, ఆ ఘర్షణ లేదు. బ్యాండ్ వెర్షనే పెద్ద రికార్డు. తప్పుగా అర్థం చేసుకునే అవకాశం దాని బలంలోనే ఉంది.

మరి ఆ ఒక్క పాట బ్యాండ్‌తో ఎగిరి, ‘నెబ్రాస్కా’ పాటలు ఎందుకు ఎగరలేదు? ఇక్కడ మూడో సంగతి, పాట కట్టుబడి, బయటపడుతుంది. ‘నెబ్రాస్కా’లో చాలా పాటలు ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. హంతకుడు, కొలువు పోయినవాడు, రాత్రిపూట కారు నడుపుతున్నవాడు. ఎదుటి మనిషిని ‘సార్’ అని సంబోధిస్తూ సాగే పాటలున్నాయి. కథ ఒక్క దిశలో వరసగా నడుస్తుంది. తిరిగొచ్చే పల్లవి చిన్నది, కొన్నింటిలో ఒక్క పంక్తే. రెండు మూడు కార్డ్‌లే (గిటారు మీద కలిసి మోగే స్వరాల గుంపులు) తిరుగుతూ ఉంటాయి. ఇలాంటి పాటలోకి డ్రమ్ములు ఎక్కడ ప్రవేశించాలి? రెండో చరణంలో ప్రవేశిస్తే అక్కడ ఏదో జరిగిందని వినేవాళ్లు ఎదురుచూస్తారు. కథలో అక్కడ ఏమీ జరగదు. మొదటినుంచీ ఉంటే చివర్లో చేరడానికి ఏమీ మిగలదు. బ్యాండ్‌కి పని ఉండాలంటే పాటలో ఎత్తుపల్లాలు ముందే రాసి ఉండాలి. పదేపదే వచ్చే నాలుగు మాటల పల్లవి ఉన్న పాట గుంపుని పిలుస్తుంది. పొడుగాటి చరణాలతో ఒకరికి చెప్పుకునే పాటలోకి గుంపు వస్తే రహస్యం చెప్పేచోట పెళ్లి మేళం దిగినట్టవుతుంది.

కాబట్టి ఒక డెమో బాగా పట్టేసినప్పుడు అడగాల్సింది దీన్ని స్టూడియోలో ఎలా పునఃసృష్టించాలి అని కాదు. ఈ పాట ఎంతమందితో మాట్లాడుతోంది అని. ఒక్కరితోనే అయితే ఎన్ని వాద్యాలు తెచ్చినా అవి బయటే నిలబడతాయి. ఇంగ్లండ్ గాయని పీజే హార్వీ విషయంలో ఇంకో రకం జవాబు వచ్చింది. 1993లో ఆమె బ్యాండ్‌తో ఒక ఆల్బం తెచ్చి, అదే ఏడాది చివర్లో ఇంట్లో చేసుకున్న నాలుగు ట్రాకుల డెమోల్ని వేరే ఆల్బంగా తెచ్చింది. 14 పాటల్లో 8 బ్యాండ్ ఆల్బంలోనివే. రెండు రూపాలూ నిలబడ్డాయి, ఏదీ రెండోదాన్ని చెరపలేదు.

మన దగ్గర డెమో

తెలుగు సినిమా పాట దాదాపు ఎప్పుడూ డెమోగానే పుడుతుంది. బాణీ ముందు, సాహిత్యం తర్వాత. సంగీత దర్శకుడు సిట్టింగ్‌లో హార్మోనియం మీదో కీబోర్డు మీదో వాయిస్తూ తననన అనో, అర్థం లేని డమ్మీ మాటలతోనో పాడతాడు. అది ఫోన్లో రికార్డయి రచయితకి చేరుతుంది. పాల్ మకార్ట్‌నీ ‘ఎస్టర్‌డే’ పాటకి మాటలు దొరికేదాకా కోడిగుడ్ల గురించి డమ్మీ మాటలు పెట్టి పాడుకున్న సంగతి లోకవిదితం, అదే పద్ధతి. మాటలొచ్చాక ఎవరో ఒక ట్రాక్ సింగర్ పాడతారు, దాన్ని విని అసలు గాయకుడు పాడతాడు. అప్పుడప్పుడు ట్రాక్ పాడిన గొంతే సినిమాలో ఉండిపోతుంది.

ఇందులో రచయితకి ఎక్కువ చిక్కు తెచ్చేది పూర్తిగా ప్రోగ్రామింగ్ చేసి పంపిన డెమో. అప్పటికే బేసు, రిథమ్, తంత్రీ వాద్యాలు నిండి ఉంటే బాణీలో ఖాళీ ఎక్కడుందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. మాట బరువు ఎక్కడ పడాలో కూడా తెలియదు. గొంతు, ఒక వాద్యం మాత్రమే ఉన్న టేకు అడిగి తెప్పించుకోవడం మేలు. దాని మీద ముందు గురులఘువులు గుర్తు పెట్టుకుంటే, సాగే స్వరం మీద హ్రస్వాక్షరం పడకుండా చూసుకోవచ్చు. లేకపోతే ‘పడి’ కాస్తా ‘పాడి’ అవుతుంది, ‘కల’ ‘కాల’ అవుతుంది. భారీ ఆర్కెస్ట్రా వెనక ఇది దాక్కుంటుంది, ఒట్టి గిటారు ముందు పట్టుబడిపోతుంది. ఎత్తు స్వరంలో నిలబెట్టాల్సిన చోట ‘ఆ’, ‘ఓ’ లాంటి నోరు తెరుచుకునే అచ్చులుంటే గొంతు తేలిగ్గా నిలుస్తుంది. ‘ఈ’, ‘ఊ’ల మీద చాలా గొంతులు బిగుసుకుంటాయి.

డెమోకి అలవాటుపడిపోవడమనే జబ్బు కూడా ఉంది. రికార్డింగ్ వాళ్ల వాడుకలో దానికి డెమోయిటిస్ అని పేరు. రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే చూపించాడు: ఒకదాన్ని పదేపదే చూడటంతోనే, వినడంతోనే దానిమీద ఇష్టం పెరుగుతుందని. దర్శకుడు ఆ డెమోని కారులో వందసార్లు విన్నాక ఎంత మంచి గాయకుడు పాడినా ఏదో తగ్గిందనిపిస్తుంది. తగ్గింది నిజమా, అలవాటా తేల్చుకోవడానికి తేలికైన మార్గం పాటని మొదటిసారి వింటున్న నలుగురికి రెండూ వినిపించడం. అయితే శబ్దం స్థాయి రెండింటికీ ఒకేలా ఉండాలి, కాస్త గట్టిగా ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టనిపిస్తుంది.

ఇంట్లో చెయ్యాలంటే

ఫోను చాలు, కానీ దాని తెలివి తగ్గించాలి. చాలా ఫోన్లు శబ్దం స్థాయిని వాటంతట అవే సర్దుతాయి. పాడుతుంటే తగ్గిస్తాయి, ఆగగానే పెంచుతాయి, దాంతో పంక్తికీ పంక్తికీ మధ్య గది రొద ఉబికి వస్తుంది. నాయిస్ తగ్గించే అమరిక మరీ ప్రమాదం, సాగుతున్న గిటారు స్వరాన్ని ఫ్యాను మోతనుకుని కత్తిరించేస్తుంది. సెట్టింగ్స్‌లో అది తీసెయ్యాలి, నాణ్యత దగ్గర లాస్‌లెస్ గానీ వేవ్ గానీ ఎంచుకోవాలి, ఫ్లయిట్ మోడ్ పెట్టాలి. ఫోను బల్ల మీద నేరుగా పెడితే కాలి తాళం బల్లలోంచి ఎక్కుతుంది, కింద మడిచిన తువ్వాలు వెయ్యాలి. నోటికి 40 సెంటీమీటర్ల దూరం, గెడ్డం ఎత్తు. గొంతు చాలకపోతే ఫోనుని పైకి, గిటారు చాలకపోతే కిందకి జరపాలి. ఉన్న మిక్సింగ్ అంతా ఆ జరపడమే.

మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఉన్నవాళ్లు కూడా ముందు ఒక్క మైకుతో ప్రయత్నించడం మంచిది. గెడ్డానికీ గిటారు 12వ ఫ్రెట్‌కీ (మెడ మీది అడ్డపట్టీల్లో 12వదానికీ) మధ్యకి గురిపెట్టి 40-50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. రెండు మైకులు పెడితే దూరం లెక్క వస్తుంది. శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. గొంతు ఒక మైకుకన్నా రెండోదానికి 34 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి చేరిందంటే, రెండూ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతులో కండ పోయి డొల్లగా వినబడుతుంది. ముందు పోలారిటీ మీట (ఒక మైకు శబ్దాన్ని తలకిందులు చేసేది) మార్చి చూడాలి. కుదరకపోతే గొంతు మైకుని నోటికి 15 సెంటీమీటర్లలోపుకి, గిటారు మైకుని గిటారుకి 20 సెంటీమీటర్లకి తేవాలి. గొంతు మైకు వెనక భాగం గిటారు వైపుకి తిరిగి ఉండాలి. కార్డియాయిడ్ మైకు వెనకవైపు వినడం తక్కువ. ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైకుతో మెల్లగా పాడితే 55-60 డెసిబెల్స్ గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) కావాలి. చౌక ఇంటర్‌ఫేస్‌లు ఆ స్థాయిలో సుయ్‌మంటాయి, అలాంటప్పుడు దూరం తగ్గించడమే మందు.

టేపు రోజుల్లో రొద పైన ఉండేలా గట్టిగా రికార్డు చేసేవారు, డిజిటల్‌లో ఆ అలవాటు అక్కర్లేదు. 24 బిట్‌లో శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తగిలితే చాలు. సున్నా దాటితే చిరిగిన శబ్దం ఇక బాగుపడదు.

గది సంగతి. పరుపు, బట్టలతో నిండిన బీరువా ఉన్న గది మంచిది. గ్రానైట్ నేల, ఖాళీ గోడల హాలు వద్దు. గోడకి వీపు పెట్టి కాకుండా, బట్టలున్న వైపుకి వీపు పెట్టి కూర్చోవాలి, మైకు మన వెనక ఉన్నదాన్నే ఎక్కువ వింటుంది. సీలింగ్ ఫ్యాను ఆపాలి. మే నెలలో ఇది రాసినంత తేలిక కాదు, కానీ ఫ్యాను గాలి మైకు మీద కొట్టే చప్పుడు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరిగ్గా పోదు. పికప్ (తంత్రుల కదలికని కరెంటుగా మార్చే భాగం) ఉన్న గిటారులో హమ్ వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటుది. ట్యూబ్‌లైటు, చార్జర్ ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

క్లిక్ పెట్టకుండా పాట మొత్తం మూడు టేకులు పాడి, ఆ రోజే వినకుండా మర్నాడు వినాలి. పాడిన రోజు చెవి తప్పుల్నే వెతుకుతుంది. మాట తప్పిన టేకుని వెంటనే చెరిపెయ్యకూడదు, లయ దాంట్లోనే బాగుండొచ్చు. శ్రుతి, కాపో (శ్రుతి పెంచడానికి గిటారు మెడకి బిగించే క్లిప్పు) ఏ ఫ్రెట్ మీద ఉంది, తంత్రులు మామూలు ట్యూనింగ్‌లో ఉన్నాయా లేదా అన్నది రికార్డింగ్ మొదట్లో నోటితోనే చెప్పి పెట్టుకుంటే ఆరు నెలల తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

దాన్ని బ్యాండ్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు సగటు టెంపోకి క్లిక్ వెయ్యనివ్వకూడదు. డెమోని సాఫ్ట్‌వేర్‌లోకి దించి, ప్రతి ఆవర్తనం మొదటి దెబ్బని గుర్తుపెట్టి టెంపో మ్యాప్ తయారు చేయించాలి, బ్యాండ్ ఆ ఊగిసలాట వెంటే నడుస్తుంది. గాయకుడి హెడ్‌ఫోన్లలో డ్రమ్ములు బాగా తగ్గించి పాడించాలి, ముందు డెమో శ్రుతిలోనే. అప్పటికీ కుదరకపోతే డెమో గొంతునే ఉంచి చుట్టూ వాద్యాలు కట్టొచ్చు. అందుకు అసలు ఫైలు కావాలి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపినది బాగా కుదించుకుపోయి ఉంటుంది, పనికిరాదు. పంపేటప్పుడే డాక్యుమెంట్‌గా పంపి, మూలాన్ని ఇంకోచోట కూడా దాచిపెట్టాలి.